వదిన బండి, నా ఇల్లు, మధ్యలో జడ

మడకశిర, బయలుదేరిన పూట

విత్తనం మోసేవాళ్ళు మజిలీ మజిలీకీ రాయాలని కొండమీద కూటమి పెట్టిన నియమం. పురుగు ఎలా ఉంది, ఆకు ఎంత మిగిలింది, ఛార్జి ఎంత ఉంది, ఈ మూడు ముక్కలు రాస్తే చాలట. మూడు ముక్కలతో ఊరుకునే నోరు కాదు నాది. చదివేవాళ్ళే కాస్త ఓపిక తెచ్చుకోవాలి.

నా పేరు హనుమక్క. ఈ ఏడు పట్టుపురుగు విత్తనం నా ఇంటిబండిలో ఎక్కింది. మొదటిసారి! ఎండలు ముదరగానే అందరితో పాటు ఇంటిని బండికి తగిలించుకుని మల్లమ్మ కొండ ఎక్కడం, వానలు పడ్డాక దిగడం నాకు కొత్తేమీ కాదు. కానీ విత్తనం మాత్రం ఎప్పుడూ గంగులప్ప మామే మోసేవాడు. ఈసారి మామ మోకాళ్ళు మొండికేశాయి, ఆయన అందరితో ముందే కొండెక్కేశాడు, విత్తనం నాకు వచ్చింది. ఎలా వస్తేనేం, వచ్చింది కదా. రెండు రోజుల నుంచి నా కాళ్ళు నేల మీద లేవు.

ఇరవై తట్టల పురుగు. నిన్ననే నాలుగో జ్వరం నుంచి లేచింది. పురుగు మేత మానేసి, తల ఎత్తి కదలకుండా ఉండిపోయి, పాత చర్మం విడిచే పూటను మేం జ్వరం అంటాం. ఇక వారం రోజులు ఒకటే మేత. ఆ తర్వాత పండి, గూడు కడుతుంది. ఆలోపల కొండమీద ఉండాలి. ఇప్పుడు వేడి తగిలితే పురుగు చావకపోయినా దాని గుడ్లు గొడ్డుపోతాయి. ఆ గుడ్లే మాకు విత్తనం. అప్పుడు కొండమీద అరవై ఇళ్ళకు ఈ ఏడు పంటే లేదు. కాబట్టి నా ఇంట్లో చల్లగాలి యంత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు.

నా ఇంటిని లాగేది నా వియ్యపురాలు తిప్పక్క వదిన బండి. నా సొంత బండి పోయిన ఏడే ప్రాణం విడిచింది. "మా అత్తను తోడు తెచ్చుకోమ్మా, ఆమె బండి గట్టిది" అని నా కూతురు మంజుల కొండమీద నుంచి ఒకటే పోరు. దానికి పెళ్ళయి ఆరు నెలలు. అదీ అల్లుడూ ముందే వెళ్ళి మల్బరీ తోట చూసుకుంటున్నారు. దానికేం, చెప్పేసింది. వియ్యపురాలితో వారం రోజుల ప్రయాణమంటే మాటలా! మనం గట్టిగా తుమ్మినా అది రేపు మన పిల్ల ముందుకు వస్తుంది.

ఆమె బండి పేరు బసవడు. నా ఇంటికి పేరంటూ ఏమీ లేదు, ఇల్లూ అంటే పలుకుతుంది. ఎవరి బ్యాటరీ వాళ్ళదే, ఎవరి సోలార్ పలకలు వాళ్ళవే. రెండింటి మధ్యా మూడు తీగలు అల్లిన లావుపాటి వైరు ఒకటి, దాన్ని జడ అంటాం. జడ నడుమ ఓ ఇనుప పెట్టె. అటు తక్కువైతే అటు, ఇటు తక్కువైతే ఇటు కరెంటు దాటించడం దాని పని. ఎప్పుడు ఎంత దాటించాలన్నది బండీ ఇల్లూ వాటిలో అవే తేల్చుకుంటాయి. ఇంట్లో మనుషుల్ని చూసి నేర్చుకునే యంత్రాలు కాబట్టి ఏ ఇంటి బండికి ఆ ఇంటి బుద్ధే.

పొద్దున్నే జడ తగిలించాం.

"పురుగులుండాయి కదా వదినా, ఛార్జి ముందు మీ ఇల్లే తీసుకోనీండి" అంది వదిన.

"అయ్యో, లాగే బండి మీది. ముందు దానికే" అన్నాను.

"అట్లనొద్దు వదినా."

"మీరు గమ్మునుండండి వదినా."

అలా చాలాసేపు నడిచింది. ఎండెక్కుతోందని ఆమే ఒప్పుకుంది.

పురుగు బాగుంది. ఆకు ఆరు మూటలు. ఛార్జి రెండింటిలోనూ నిండుగా.


గోరంట్ల దాటాక

తెల్లవారుజామున కదిలి, ఎండ చురుక్కుమనేసరికి ఆగిపోవడం మా పద్ధతి. ఆగాక ఇంటిపైన పలకలు, బండి పైన పలకలు విప్పి ఎండకు పరుస్తాం. సాయంత్రానికి వాడిన ఛార్జి అంతా తిరిగి రావాలి. రాలేదు. ఇంట్లో నూటికి ఎనభై, బండిలోనూ ఎనభై. మొదటి రోజు కదా, రోడ్డు కూడా గతుకులు, పోనీలే అనుకున్నాను.

వదిన బండి తోలుతుంటే నాకు ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. మలుపు వస్తే నెమ్మదించదు, ఇంకా తొక్కుతుంది. "బలే తోలుతారు వదినా" అన్నాను, ఇంకేమంటాను! ఆమె సంతోషపడి ఇంకాస్త తొక్కింది.

పడుకునే వేళ, "ఇంట్లోకి రండి వదినా, రెండో మంచం ఖాళీనే" అన్నాను.

"వద్దు వదినా, మీకు ఇరుకవుతాది."

"ఇరుకేముంది, రండి."

"లేదు వదినా, బండిలో నాకు హాయిగా ఉండాది."

రెండుసార్లు పిలిచాను, రెండుసార్లు వద్దంది. పురుగుల వాసన పడదేమో పాపం అనుకుని ఆ మంచం మీద ఆకు మూటలు సర్దేశాను. ఆమె బండిలో, అక్కడి చల్లగాలి పెట్టుకుని పడుకుంది.

పొద్దున జడ తగిలించగానే ఇంటి చెవిన వేసిన మాటను పడుకోబోయే ముందు మళ్ళీ వేశాను. "చూడూ, బసవడికి తక్కువైతే వాడు అడక్కముందే ఇచ్చేయ్. వాడేదైనా ఇస్తే ఉంచుకోవద్దు, తిప్పి పంపు. వియ్యాలవారి ఛార్జి మింగేశామన్న మాట మనకొద్దు. ఈ సంగతి వదిన ముందర ఎత్తకు."

"అట్లనే అక్కా" అంది ఇల్లు. నా పెంపకం, నాలాగే మాట్లాడుతుంది.

పురుగు మేస్తోంది. ఆకు ఐదు మూటలు.


కదిరి పొలిమేర

ఒక గొప్ప సంగతి కనిపెట్టాను. జడ నడుమ ఇనుప పెట్టె ఉంది కదా, దాని మీద సంగటి గిన్నె పెడితే ఎంతసేపైనా వేడి తగ్గడం లేదు! పొయ్యి వెలిగించే పని లేకుండా మధ్యాహ్నం ముద్ద పొగలు కక్కుతోంది. వదినకు చూపించాను. ఆమె ముక్కున వేలేసుకుని, ఒక గుప్పెడు పచ్చి శెనక్కాయలు తెచ్చి పెట్టె మీద పోసింది. కాసేపటికి అవి కమ్మగా వేగిపోయాయి. ఇద్దరం జడ పక్కన కూర్చుని వలుచుకు తిన్నాం. ప్రయాణం మొదలయ్యాక వదిన మనస్ఫూర్తిగా నవ్వడం అప్పుడే చూశాను.

ఛార్జి మాత్రం బాగాలేదు. ఇంట్లో అరవై ఐదు, బండిలో అరవై ఆరు. ఎండేమో మాడు పగలగొడుతోంది. ఇంత ఎండకు అంకె పైకి పోవాలి గాని దిగడమేమిటి? పలకల మీద దుమ్మేమోనని నిచ్చెనేసుకుని ఎక్కి తుడిచాను. దిగి చూస్తే వదిన కూడా తన బండి పైకెక్కి కొంగుతో తుడుస్తోంది.

"ఊరికే తుడుస్తాండా వదినా, ఏమీ తోచక" అంది.

"నేనూ ఊరికేనే వదినా" అన్నాను.

ఇంటిని అడిగాను, ఏమే ఎలా ఉన్నావని. "అంతా బాగుండాది అక్కా, మీ దయ" అంది. అవతల వదిన బసవణ్ణి అడగడం వినిపించింది. "అంతా బాగుండాదమ్మా, మీ దయ" అన్నాడు వాడు. ఇన్ని దయల మధ్య ఛార్జి ఎక్కడికి పోతోందో ఆ మల్లమ్మ తల్లికే తెలియాలి.

పురుగు వేలెడంత అయింది. తట్టల గదిలో మేత చప్పుడు వాన పడ్డట్టుంది. ఆకు నాలుగు మూటలకు కాస్త తక్కువ.


ములకలచెరువు

ఇంట్లో నలభై ఏడు. బండిలో నలభై ఎనిమిది. నాకిప్పుడు నిజంగానే భయం పట్టుకుంది.

లెక్క వేసి చూసుకున్నాను. ఇంట్లో నడిచేది పురుగుల గది చల్లగాలి ఒక్కటే. దీపం కూడా వెలిగించడం లేదు. ఇక మిగిలిందేమిటి? వదిన బండిలో రెండో చల్లగాలి. సాయంత్రం పెట్టిందంటే తెల్లారేదాకా అది గుర్రుమంటూనే ఉంటుంది. ఒక్క మనిషి కోసం! ఇక్కడ అరవై ఇళ్ళ పంట తట్టల్లో ఉంటే! రాయకూడదు గాని రాస్తున్నాను, నాకు ఒళ్ళు మండిపోయింది. మండుకుంటూనే వెళ్ళి, "బండిలో చల్లగా ఉందా వదినా, నిద్ర బాగా పడుతోందా?" అని అడిగాను.

"మీ దయ వదినా."

మళ్ళీ దయ! నవ్వుతూ వెనక్కి వచ్చి ఆకు మీద నా కోపమంతా చూపించాను. ఆ పూట పురుగులకు ఆకు చాలా సన్నగా తరిగాను.

వదినకూ ఏదో ఉంది మనసులో. సంగటి పెట్టినప్పుడు ముద్ద వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా తింటుంది. "ఇంకో ముద్ద వేయనా?" అంటే "చాలు చాలు" అంటుంది. "కొంచెం" అంటే "అబ్బే" అంటుంది. సరేనని గిన్నె మూసేస్తాను.

ఆకు రెండు మూటలు. ఇది చాలా పొదుపుగా వేస్తేనే కొండ దాకా వస్తుంది.


కొండ కింద

తొమ్మిది మలుపులు ఎక్కితే మంజుల, అల్లుడు, మల్బరీ తోట, చల్లటి గాలి. ఇంట్లో ముప్పై, బండిలో ముప్పై. ఇక్కడే ఆగి రెండు రోజులు ఛార్జి ఎక్కించుకుందామంటే ఆకు లేదు. ఉన్నది రేపటి ఒక్క మేతకే. పైగా ఆగిన చోటల్లా ఛార్జి ఎక్కకపోగా దిగుతుంటే ఆగి ఏం సుఖం?

"ఎక్కగలవా రా బసవా?" అని వదిన అడిగింది.

"పర్వాలేదమ్మా, ఎక్కుతా. మీరేం మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు వాడు.

ఆ గొంతు నాకు నచ్చలేదు. మా చిన్నమ్మ ఒంట్లో బాగాలేనప్పుడు అచ్చం అలాగే అనేది. అయినా వియ్యపురాలి బండిని అనుమానించే ధైర్యం నాకెక్కడిది? పొద్దున్నే ఎక్కుదామన్నాం.

పురుగు మెడ దగ్గర పసుపు తిరుగుతోంది. అంటే పండబోతోంది.


ఏడో మలుపు

దీన్ని కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను. ఇప్పుడు నాకు తొందర లేదు.

ఆరు మలుపులు బాగానే ఎక్కాం. ఏడో మలుపులో బసవడు మూలిగి, ఆగి, చక్రాల కింద రాళ్ళు పెట్టమన్నాడు. "కొంచెం అలసటగా ఉండాదమ్మా. ఏమనుకోవద్దు" అన్నాడు. చూస్తే బండిలో ఆరు. ఇంట్లో ఎనిమిది. అప్పుడే కొండ అంచు మీద నుంచి ఎండ దూకింది. లోపలికి పరుగెత్తి చూస్తే ఒక పురుగు తట్ట అంచుకు పాకి, తల పైకెత్తి, గూడు కట్టే చోటు కోసం వెతుకుతోంది. ఒళ్ళంతా తేనె రంగు. ఒకటి పండిందంటే సాయంత్రానికి అన్నీ పండుతాయి. ఈ ఎండలో, ఈ మలుపులో, చల్లగాలి ఆగిపోయే ఇంట్లో!

బయటికి వచ్చాను. వదిన చెంగుతో ముఖం తుడుచుకుంటోంది. "ఏమైందో ఏమో వదినా, మీరు దిగులు పడొద్దు" అంది.

ఆ 'దిగులు పడొద్దు' వినేసరికి ఐదు రోజుల నుంచి మింగిందంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

"దిగులు పడకుంటే ఏం చేయమంటావు? పొద్దు కుంకితే సాలు, బండిలో చల్లగాలి పెట్టుకుని మహారాణి మాదిరి పండుకుంటివి! ఛార్జి యాడ మిగుల్తాది? నా పురుగులు సస్తే కొండమీద నేను ఎవరికి మొగం చూపించల్ల?"

వదిన నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. ఈసారి మూయలేదు.

"ఓహో! నేను మహారాణినా? లోపలికి రమ్మని నోటితో పిలుస్తివి, మంచం నిండా ఆకు మూటలు పేరిస్తివి! మనిషి యాడ పండుకోవల్ల, ఆకు మీదనా?"

"రెండుసార్లు పిలిస్తిని! రెండుసార్లూ వద్దంటివి!"

"మూడోసారి పిలవవా? మా ఊర్లో మూడోసారి పిలుస్తారు! రెండుసార్లు వద్దనేది మర్యాదకి, మూడోసారి వచ్చేది మనసుకి. ఆ మాత్రం తెలీదా నీకు?"

"మా ఊర్లో వద్దంటే వద్దనే!"

"అందుకే ఐదు దినాల నుంచి నేను పస్తు! ఒక్క ముద్ద పెట్టి, ఇంకోటి వేయనా అంటావు, సాలంటే గిన్నె మూస్తావు. నా కడుపు ఏమనుకున్నావు, పిట్ట కడుపా?"

మనిషి ఐదు రోజులు ఆకలితో నా ఇంటిని లాగించింది. వదిన ఊపులో ఉంది, ఆగలేదు.

"పైగా నేను నీ ఛార్జి తింటినంటావా? ఛీ! మొదటి దినమే బసవడి చెవిలో చెప్పినా. ఇల్లు అడగకముందే ఇచ్చేయి, అది తిరిగిచ్చినా తీసుకోవద్దు, వియ్యాలవారి మాట పడొద్దు, ఎవురి ముందరా నోరెత్తొద్దు అని. అట్లాంటి మనిషిని పట్టుకుని..."

"ఏమంటివి?" అన్నాను. "తిరిగిచ్చినా తీసుకోవద్దనా?"

"అవును, ఏం?"

"వదినా, నేనూ ఇంటికి అదే చెప్పినా."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. తర్వాత ఇద్దరం కలిసి జడ వైపు చూశాం. ఇనుప పెట్టె మీద మొన్నటి శెనక్కాయ పొట్టు ఒకటి ఉండిపోయింది. చూస్తుండగానే అది నల్లబడి పొగ వచ్చింది.

"ఏమే ఇల్లూ!" అని అరిచాను. "నిజం చెప్పు. ఛార్జి ఏమవుతాంది?"

"అంతా బాగుండాది అక్కా, మీ ద..."

"మీ దయకు నిప్పెట్ట! నేనే చెబుతాండా, గుట్టు అక్కర్లేదు. చెప్పు!"

అప్పుడు చెప్పింది ఇల్లు. "బసవన్న నాకు ఇస్తాండాడు అక్కా. ఉంచుకోవద్దన్నావు కదా, తిరిగి పంపుతాండా. ఆయన మళ్ళీ ఇస్తాడు. నేను మళ్ళీ పంపుతా. పగలూ రాత్రీ అదే పని. పెట్టె దాటినప్పుడల్లా కొంచెం కొంచెం వేడయిపోతాంది. చెప్తే బాగుండదని చెప్పలే."

"నాకూ చెప్పబుద్ధి కాలేదమ్మా" అన్నాడు బసవడు తల వంచుకున్న గొంతుతో.

అదీ సంగతి! ఎండంతా పట్టి తెచ్చుకున్న ఛార్జిని అటూ ఇటూ దాటించి, ఆ పెట్టెలో తగలబెట్టి, దాని మీద మేం శెనక్కాయలు వేయించుకున్నాం. అది గొప్ప సంగతి అని నేను మొన్న రాసి కూడా పెట్టాను. వదినకు ముందు నవ్వు వచ్చింది. తర్వాత నాకు వచ్చింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా రోడ్డు మీదే కూలబడి నవ్వాం. నవ్వడం అయ్యాక పురుగులు గుర్తొచ్చాయి.

"ఇంగ చాలు" అంది వదిన లేచి. "ఇద్దరూ వినండి. ఎవురికి ఏం కావల్లో నోరు తెరిచి అడగండి. ఇయ్యలేకుంటే ఇయ్యనని చెప్పండి."

ఇల్లే మెల్లగా అంది, "అడిగేది ఎట్ల అక్కా? మీరు అడగంగా మేం ఎప్పుడూ చూడలేదు కదా."

ఆ మాటకు మా ఇద్దరి ముఖాలూ చూడాలి. చూసి నేర్చుకునే యంత్రాలకు చెబితే రాదు. చేసి చూపించాలి. ఆ ఎండలో, ఆ వాలులో, వియ్యపురాళ్ళం ఎదురెదురుగా నిలబడ్డాం. పెళ్ళిచూపుల్లో కూడా నాకు అంత సిగ్గు వేయలేదు.

"నాకు ఆకలిగా ఉండాది" అంది వదిన, నేల చూస్తూ. తర్వాత తల ఎత్తి, "రెండు ముద్దలు కావల్ల. నెయ్యేసి."

"రెండు ముద్దలు పెడతా. నెయ్యి లేదు" అన్నాను. లేదు అన్నాను! నోరు తిరగడానికి కాస్త సమయం పట్టింది. "నాకూ ఒకటి కావల్ల. నువ్వు మలుపుల్లో మెల్లగా తోలల్ల. నాకు భయం."

"తోలను. ఎక్కేటప్పుడు ఊపు తగ్గితే ఛార్జి జాస్తి తింటాది. దిగేటప్పుడు మెల్లగా తోల్తా."

"సరే."

"సరే."

ఆకాశమేమీ విరిగి పడలేదు. నాకు చెప్పలేనంత తేలికగా అనిపించింది. లోపలికెళ్ళి రెండు ముద్దలు తెచ్చి పెట్టాను, ఆమె నిలబడే తింది, ఒక్క మెతుకు వదల్లేదు.

అప్పుడు బసవడు గొంతు సవరించుకున్నాడు. "ఇల్లూ, నాకు ఛార్జి కావల్ల."

"ఎంత?"

"నీ దగ్గర ఉండేదంతా."

"ఇయ్యను" అంది ఇల్లు. నా ఇల్లు! నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. "పురుగులుండాయి. సగమిస్తా."

"సగం సాలదు."

"అయితే ఎండ నుంచి వచ్చేదంతా నువ్వే తీసుకో, నా పలకలది గూడా. నువ్వు ఎక్కేంతసేపు నేను చల్లగాలి ఆపుతా. ఆ కాసేపు పురుగుల్ని అక్క చూసుకోవల్ల. అంతకు మించి నావల్ల కాదు."

"సాలు" అన్నాడు బసవడు. "అంతకు మించి నాకు అక్కర్లేదు."

బేరం కుదిరింది. పలకలు ఎండకు పరిచి, చేతులు కట్టుకుని అంకె వైపు చూస్తూ కూర్చున్నాం. ఆరు. ఆరు. ఏడు! ప్రయాణం మొదలయ్యాక ఎండకు ఛార్జి ఎక్కడం మొదటిసారి చూశాను. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను, ఎనిమిదైంది. పెట్టె మీద చేయి పెడితే ఇప్పుడు కాలడం లేదు.

ఇరవై దాటగానే వదిన తోలే చోట ఎక్కింది. నేను తాగే నీళ్ళ బిందెలో గోనెపట్టలు ముంచి తట్టల చుట్టూ వేలాడదీశాను. చల్లగాలి ఆగింది. ఆ నిశ్శబ్దంలో పురుగుల మేత చప్పుడు ఒక్కటే. ఉన్న ఆఖరి ఆకంతా వేసేశాను. బండి కదిలింది. చేట పట్టుకుని ఈ చివరి తట్ట నుంచి ఆ చివరి తట్ట దాకా విసురుతూ, పట్టలు ఆరిన చోట నీళ్ళు చల్లుతూ తిరిగాను. ఎనిమిదో మలుపులో వదిన తొక్కిన తొక్కుడికి నేను వెళ్ళి గోడకు గుద్దుకున్నాను.

"బతికుండావా?" అని అరిచింది ముందు నుంచి.

"ఉండా! తోలు, తోలు!" అని అరిచాను.

బిందె అడుగుకు వచ్చింది. తలుపు పక్క తట్టల్లో పురుగు కొంచెం వాడింది, వాటిని ఒళ్ళో పెట్టుకుని తడి చెంగు కప్పి విసిరాను. ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే విసిరాను. తొమ్మిదో మలుపు తిరగగానే కిటికీలోంచి ఒక గాలి వచ్చింది. చల్లటిది. కొండమీది గాలి. చేట వదిలేసి అక్కడే చతికిలబడ్డాను.


కొండమీద

తలుపు పక్కవి రెండు తట్టల పురుగు విత్తనానికి పనికిరాదన్నాడు గంగులప్ప మామ. మిగిలిన పద్దెనిమిదీ చంద్రికలెక్కాయి. చంద్రికలంటే పురుగు గూడు కట్టుకునే వెదురు చట్రాలు. మూడు రోజులకు మామ కర్ర ఆనించుకుని ఒక్కొక్క చట్రం ముందు వంగి చూసి, "గూడు గట్టిగా ఉండాది. అరవై ఇండ్లకూ సరిపోతాది" అన్నాడు. ఆ మాట వినడానికే నేను ఇంత దూరం వచ్చాను. మంజుల నన్ను వాటేసుకుంది, నా చెంగు నిండా పురుగుల వాసన అని తెలిసి కూడా.

ఆ సాయంత్రం కూటమి కూర్చుంది. కొత్త విత్తనం పంచుకునే ముందు వచ్చే ఏడు ఎవరు మోయాలన్నది తేల్చడం వాడుక. మామ అడుగుతాడు, అందరూ నేల చూపులు చూస్తారు. నాకు కావాలని ఎవరూ అనరు, అలా అనడం బాగుండదు. చివరికి అందరూ మామనే చూపిస్తారు, ఆయన "అయ్యో, నాకెందుకు" అంటాడు, పని అయిపోతుంది.

"వచ్చే ఏడు ఎవురు మోస్తారప్పా?" అన్నాడు మామ.

అందరూ నేల చూశారు.

"నాకు కావల్ల" అన్నాను.

ఎవరో దగ్గారు. మంజుల నా చేయి గిల్లింది. "అమ్మా! అట్ల అడుగుతారా ఎవురైనా?"

"నాకు అంటావేంది?" అని నా పక్క నుంచి వదిన లేచింది. "మాకు అను. బండి నాది. మామా, మా ఇద్దరికీ కావల్ల. పేరు రాసేటప్పుడు నాది ముందు రాయి."

"నీది ముందు ఎట్ల రాస్తారు? పురుగులు నా ఇంట్లో కదా!"

"ఇంటిని కొండెక్కించింది ఎవురు?"

"లోపల చేట విసిరింది ఎవురు?"

గంగులప్ప మామ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, కర్ర గడ్డానికి ఆనించుకున్నాడు. "ఏందమ్మా ఇది? మొన్న పిల్లల పెండ్లిలో, ముందు మీరు తినండి అంటే ముందు మీరు తినండని, ఇద్దరూ విస్తరి ముందర కూసోకుండానే పోతిరి కదా. ఎప్పట్నుంచి ఇట్లయితిరి?"

"ఏడో మలుపు కాడ్నుంచి" అన్నాం ఇద్దరం ఒక్కసారే.